కరక్కాయ పొడితో చిగుళ్ళ రక్తం ఆగింది, వాసన మాత్రం పోలేదు. పొడి కొనసాగించాలా?

నిద్రమొహం (ప్రశ్న):

అందరికీ నమస్తే. కొంతకాలంగా బ్రష్ చేసుకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. ఉమ్మిన ప్రతిసారీ ఎర్రగా కనపడేసరికి పొద్దున్నే టెన్షన్ మొదలు. నొప్పి లేదు, కొంచెం వాపు ఉంది అంతే. ఆ రక్తం చూడలేక బ్రష్ దాదాపు మానేశాను. అప్పుడు మా అత్తయ్యగారు ఒక పొడి చేసిచ్చారు. నల్లతుమ్మ బెరడు, గింజ తీసేసిన కరక్కాయ, పొంగించిన పటిక కొంచెం, సైంధవ లవణం, నాలుగు లవంగాలు, అన్నీ దంచి వస్త్రఘాళితం పట్టారు. వేలికి అద్దుకుని చిగుళ్ళకు మెల్లగా రుద్ది, కాసేపుంచి పుక్కిలించమన్నారు. నాకు పెద్దగా నమ్మకం లేకపోయినా ఆవిడ మాట కాదనలేక వాడితే వారం తిరక్కుండానే రక్తం ఆగిపోయింది! చిగుళ్ళు బిగుసుకున్నట్టు కూడా అనిపిస్తోంది.

కానీ నోటి వాసన పోలేదు. మా ఆయన మొహమాటపడుతూ చెప్పారు, అంటే బాగానే ఉందన్నమాట. ఇంకొకటి, కింది ముందు పళ్ళ లోపలివైపు నాలుకతో తడిమితే గట్టిగా, గరుకుగా ఏదో తగులుతోంది. పొడితో ఎంత రుద్దినా అది కదలడం లేదు. పళ్ళు క్లీనింగ్ చేయించుకుంటే పోతుందంటారు కానీ, ఒకసారి చేయిస్తే పళ్ళు కదిలిపోతాయని, సందులు వస్తాయని, ఆ తర్వాత చేయిస్తూనే ఉండాలని విన్నాను.

రక్తం ఆగిందంటే జబ్బు తగ్గినట్టేనా? పొడి ఇంకెన్నాళ్ళు వాడొచ్చు? దయచేసి "డాక్టర్‌ని కలవండి" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, ఎందుకో కూడా చెప్పండి.

పుల్లాయన:

అమ్మా, మీ అత్తగారి పొడి బంగారం, వదలొద్దు. దానికి తోడు రోజూ వేప పుల్ల నమలండి, వాసన సంగతి అదే చూసుకుంటుంది. వేప దొరక్కపోతే కానుగ, ఉత్తరేణి, ఏదైనా సరే. గరుగ్గా తగులుతోందన్నారే, దానికి ఉప్పులో నిమ్మరసం కలిపి గట్టిగా తోమండి, అదే ఊడిపోతుంది. క్లీనింగ్ జోలికి మాత్రం వెళ్ళకండి, మిషను పెట్టి పంటి మీది పింగాణీ అంతా గీకేస్తారు. ఈ ప్లాస్టిక్ బ్రష్షులూ నురగ పేస్టులూ వచ్చాకే ఇన్ని పంటి జబ్బులు. ఇది నా గట్టి అభిప్రాయం, ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

పంటికింద రాయి:

నాది పళ్ళ డాక్టరు పనే. పుల్లాయన గారూ కోపం లేదు గానీ, ఆ ఉప్పూ నిమ్మరసం సలహా దగ్గర మాత్రం ఆగండి, దానికి మళ్ళీ వస్తాను.

నిద్రమొహం గారూ, రక్తం ఆగింది, వాసన ఆగలేదు అన్నారు చూశారా, మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. పన్నూ చిగురూ కలిసే అంచు దగ్గర రోజూ మెత్తగా పాచి పడుతుంది. అది తిన్నది ఇరుక్కున్నది కాదు, బాక్టీరియా ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని కట్టుకున్న పొర. నీళ్ళు పుక్కిలిస్తే పోదు, ఏదో ఒకదానితో రుద్దితేనే పోతుంది. రుద్దకుండా వదిలేస్తే చిగురు వాచి, అందులో సన్నటి రక్తనాళాలు ఉబ్బి, పైపొర పల్చబడి, బ్రష్ ఇలా తగలగానే అలా కారుతుంది. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హెరాల్డ్ లో అనే శాస్త్రవేత్త బృందం 12 మంది చేత పళ్ళు తోముకోవడం మాన్పించి చూసింది. 10 నుంచి 21 రోజుల్లోపు అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాక వారం అటూ ఇటుగా మామూలైపోయాయి. ఏ మందూ లేకుండా, కేవలం తోముకున్నందుకే. కాబట్టి రక్తం వస్తోందని బ్రష్ మానేయడం సరిగ్గా తిరగేసిన వైద్యం. రక్తం వచ్చే చోటే మెత్తటి బ్రష్‌తో ఇంకాస్త శ్రద్ధగా తోమాలి.

మరి పొడి వాడితే రక్తం ఎలా ఆగిందంటారా? తుమ్మ బెరడులో, కరక్కాయలో టానిన్లు దండిగా ఉంటాయి. నాలుక మీద వేసుకుంటే నోరంతా పట్టేసినట్టు అయ్యే వగరు వాటిదే. అవి చిగురు పైపొరలోని ప్రొటీన్లను పట్టి బిగిస్తాయి, దాంతో కారడం తగ్గుతుంది. పటికదీ ఇదే పద్ధతి. అంటే మీ అత్తయ్యగారి పొడి ఉత్తుత్తి మందు కాదు, నిజంగానే పని చేసింది. కాకపోతే పైపైన చేసింది. చిగురుకూ పంటికీ మధ్య లోపలికి చిన్న సందు ఉంటుంది, ఆరోగ్యంగా ఉంటే మూడు మిల్లీమీటర్ల లోపు. వాపు పెరిగి, లోపల ఎముక కరగడం మొదలైతే ఆ సందు నాలుగు, ఐదు, ఆరు మిల్లీమీటర్లు అవుతుంది. వేలితో రుద్దిన పొడి అక్కడిదాకా వెళ్ళదు. గాలి తగలని ఆ లోతులోనే కొన్ని రకాల బాక్టీరియా గంధకం వాసన వచ్చే వాయువులు వదులుతుంటాయి. మీకు పోని వాసన చాలావరకు అక్కడి నుంచీ, నాలుక వెనక భాగం నుంచీ వచ్చేదే అయ్యుంటుంది. గడియారంలో అలారం నొక్కేసి పడుకున్నట్టుంది మీ పరిస్థితి, పేరు కూడా కుదిరింది :)

నాలుకకు తగిలే ఆ గరుకు, గార. కింది ముందు పళ్ళ వెనకాల లాలాజలం ఊరి పైకి వచ్చే నాళాలు తెరుచుకుంటాయి, లాలాజలంలో ఉండే కాల్షియం, ఫాస్ఫేట్ పాచిలోకి చేరి అది రాయిలా గట్టిపడుతుంది. అందుకే అందరికీ అక్కడే ఎక్కువ కడుతుంది. పై దవడ పళ్ళకు బుగ్గ వైపు కూడా అంతే, అక్కడా ఒక నాళం ఉంది. ఒకసారి గట్టిపడ్డాక ఏ పొడీ ఏ కషాయమూ దాన్ని కదపలేదు. ఉప్పూ నిమ్మరసంతో తోమితే ఏమవుతుందంటే, నిమ్మ పులుపుకు ముందు పంటి పింగాణీ మెత్తబడుతుంది, ఆ మెత్తబడ్డదాన్ని ఉప్పు గరుకు గీకేస్తుంది. గార అక్కడే ఉంటుంది, పన్ను అరుగుతుంది. కొన్నాళ్ళకు చల్లటిది తాగితే జివ్వుమంటుంది. పింగాణీ మళ్ళీ పెరగదు.

ఇక స్కేలింగ్ (మీరు క్లీనింగ్ అన్నదే) భయం. గార ఏళ్ళ తరబడి పళ్ళ సందుల్ని నింపేసి ఉంటుంది, చిగురు వాచి ఆ సందును ఇంకాస్త కప్పేసి ఉంటుంది. గార తీసి, వాపు దిగాక ముందే ఉన్న సందు బయటపడుతుంది. ఎముక కరిగి పన్ను అప్పటికే వదులై ఉంటే, అన్నాళ్ళూ గార పక్క పళ్ళతో కలిపి సిమెంటులా పట్టి ఉంచుతుంది, అది పోగానే కదలిక తెలుస్తుంది. మనిషి చూసేది ఏది ముందు, ఏది తర్వాత అన్న వరసే కాబట్టి నింద స్కేలింగ్ మీద పడుతుంది. రెండు మూడు రోజులు జివ్వుమనడం మామూలే. చేయించేటప్పుడు ఒక్కటి అడగండి: చిగుళ్ళ లోతు కొలిచి చెప్పమనండి. ఎముక కరగలేదంటే మీ సమస్య పూర్తిగా వెనక్కి వెళ్ళేదే. కరిగిందంటే పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు గానీ ఉన్నదాన్ని నిలబెట్టుకోవచ్చు.

తాటాకు:

నేను డాక్టర్ని కాదు, ఆయుర్వేద గ్రంథాలు ఇష్టంగా చదువుకుంటాను. ఇక్కడ ఆయుర్వేదం ఒక పక్క, స్కేలింగ్ ఇంకో పక్క అన్నట్టు నడుస్తోంది గనక ఈ రెండు ముక్కలు.

సుశ్రుత సంహిత చికిత్సా స్థానంలో నోటి జబ్బుల అధ్యాయం ఉంది (22వది). గారను అందులో దంతశర్కర అంటాడు. దానికి మొదటి చికిత్స పొడి కాదు, కషాయం కాదు. పంటి మొదళ్ళకు దెబ్బ తగలకుండా వైద్యుడు ఆ శర్కరను పైకి లాగి తీసేయాలి అని ఉంది. తీశాక ఆ చోట లక్క పొడి తేనెతో కలిపి రుద్దాలి. దానికోసం దంతశంకువు అని ప్రత్యేకంగా ఒక పనిముట్టు కూడా శస్త్రాల జాబితాలో ఉంది. అంటే ముందు గీకుడు, తర్వాత మూలిక. మనం మొదటి సగం వదిలేసి రెండో సగాన్ని మాత్రం సంప్రదాయం అని పట్టుకున్నాం!

చిగుళ్ళు మెత్తబడి ఊరికే రక్తం కారే జబ్బు శీతాదం. దానికీ అంతే, ముందు చెడు రక్తం తీయించి, ఆ తర్వాతే శొంఠి, ఆవాలు, త్రిఫల, తుంగముస్తలు వేసి కాచిన నీళ్ళు పుక్కిట పట్టమంటాడు. ఈ రోజుల్లో ఎవరూ ఇంట్లో రక్తం తీసే పని పెట్టుకోకండి, వరస ఎలా ఉందో చెప్పడానికే ఇదంతా.

పుల్లాయన గారికి ఇంకో మాట. "ఏదైనా సరే" అన్నారు, ఏదైనా సరి కాదండీ. చరక సంహితలో పందుంపుల్లకు పనికొచ్చే చెట్లలో కానుగ, తెల్లమద్ది లాంటివాటితో పాటు గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి. గన్నేరు గుండె మీద పనిచేసే విషం, జిల్లేడు పాలు నోటినీ కళ్ళనూ కాల్చేస్తాయి. గ్రంథంలో ఉందని విరుచుకొచ్చి నమిలితే ఆసుపత్రిలో తేలతారు. అదే చోట పుల్ల కొనను నలిపి కుంచెలా చేసుకోవాలని, రోజుకు రెండుసార్లు తోమాలని, చిగుళ్ళకు బాధ కలగకుండా తోమాలని కూడా ఉంది. ఈ చివరి మాట మనవాళ్ళలో సగం మందికి పట్టదు, గట్టిగా రుద్దితేనే శుభ్రం అనుకుంటారు. అష్టాంగ హృదయంలో అయితే నోరు పూసినవాళ్ళు, వాంతులు, దగ్గు, ఆయాసం, జ్వరం ఉన్నవాళ్ళు, మూతి వంకరపోయినవాళ్ళు అసలు పుల్ల వాడకూడదని పెద్ద పట్టీయే ఉంది.

పుల్లాయన:

గన్నేరు నమలమని నేనెక్కడ అన్నాను? వేప, కానుగ, ఉత్తరేణి అన్నాను. సరే, సుశ్రుతుడి మాట కాదనను. కానీ వేపలో ఏ గుణమూ లేదంటారా డాక్టరు గారూ?

పంటికింద రాయి:

అలా అనలేదండీ. వేప సారం బాక్టీరియాను అణచగలదని ప్రయోగశాలలో చూశారు, త్రిఫల కషాయంతో పుక్కిలిస్తే పాచి, చిగుళ్ళ వాపు తగ్గాయని మనుషుల మీదా చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి, కొన్నింట్లో మేం పుక్కిలించడానికి రాసే మందు క్లోర్‌హెక్సిడిన్‌కు దగ్గరగా వచ్చింది కూడా. కాకపోతే చాలావరకు కొద్దిమందితో, కొద్ది వారాలే చేసినవి. క్లోర్‌హెక్సిడిన్ ఎక్కువ రోజులు వాడితే పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడతాయి, రుచి తెలియకుండా పోతుంది, అందుకే మేమూ సాధారణంగా రెండు వారాలకు మించి రాయం. ఆ తర్వాత ఏదైనా పుక్కిలించాలని ఉంటే త్రిఫల నాకు అభ్యంతరం కాదు.

పుల్ల విషయంలో ఎక్కువ పని చేసేది నార. బాగా నమిలి కుంచెలా చేసి, చిగురు అంచున పట్టి, పంటి వెంబడి మెల్లగా కదిపితే పాచి పోతుంది. అడ్డంగా రంపం కోసినట్టు లాగితే చిగురు కిందికి జారి వేరు బయటపడుతుంది. దాంతో ఉన్న అసలు ఇబ్బంది లోపలివైపు, వెనక దవడ పళ్ళకు అందకపోవడం. కింది పళ్ళకు గార ఎక్కువగా కట్టేది కూడా లోపలివైపే కదా. ఇంకోటి, పుల్లలో ఫ్లోరైడ్ ఉండదు, పిప్పి పళ్ళు రాకుండా 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల్లో అన్ని భాగాలు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టు అవసరం. పొద్దున పుల్ల, రాత్రి పేస్టుతో బ్రష్, అలా కలిపి నడిపేవాళ్ళతో నాకు పేచీ లేదు.

నిద్రమొహం:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్. క్లీనింగ్‌కి వెళ్తాను, లోతు కొలవమని అడుగుతాను. ఇంకో మూడు సందేహాలు. క్లీనింగ్ తర్వాత ఈ పొడి వాడొచ్చా? నువ్వుల నూనె పుక్కిలి పడితే గార కరుగుతుందని ఒకరు చెప్పారు, నిజమేనా? మా అత్తయ్యగారికి షుగర్ ఉంది, ఆవిడకీ చిగుళ్ళు జారిపోయాయి. ఆవిడ మాత్రం ఈ పొడి కాదు, ఎప్పటినుంచో ఏదో నల్లటి రెడీమేడ్ పళ్ళపొడి వాడతారు. అది లేకపోతే తలనొప్పి వస్తుంది, చిరాకు పడతారు. పళ్ళపొడికి తలనొప్పి ఏంటో నాకర్థం కాదు.

తాటాకు:

నూనె పుక్కిలి సంగతి నేను చెప్తాను. నూనె నోటినిండా పట్టి కదలకుండా ఉంచితే గండూషం, కొంచెం తీసుకుని అటూ ఇటూ తిప్పితే కవలం. రెండూ పాత పద్ధతులే, నోరు ఎండిపోయేవాళ్ళకు హాయిగా ఉంటుంది. గార కరగడం మాత్రం ఉట్టిదే. నూనెకు రాయి కరగదు. చేసేవాళ్ళు మింగకండి, గొంతులో గరగరలాడించకండి. నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వచ్చిన సందర్భాలున్నాయి, పెద్ద వయసువాళ్ళూ పిల్లలూ దీనికి దూరంగా ఉండటం మంచిది.

చేదుబిళ్ళ:

షుగర్ అన్నారు కాబట్టి మధ్యలో దూరుతున్నాను, నేనూ ఆ బాపతే. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది, రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. నాకు చిగుళ్ళకు వైద్యం చేయించాక షుగర్ రీడింగులు కూడా కాస్త దారికొచ్చాయి. బీపీ మందుల సంగతి కూడా కనుక్కోండి. నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ రకం మందులు, ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్ కొందరిలో చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికి పెరిగేలా చేస్తాయి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళకు రక్తం ఊరికే వస్తుంది. అలాగని మందు సొంతంగా ఆపేయకూడదు, రాసిన డాక్టరుకి చెప్పాలి.

పంటికింద రాయి:

చేదుబిళ్ళ గారు చెప్పింది సరైన మాట. గర్భిణుల్లో కూడా హార్మోన్ల వల్ల చిగుళ్ళు ఊరికే వాస్తాయి, అదీ కలుపుకోండి.

పొడి సంగతి: క్లీనింగ్ అయ్యాక చిగుళ్ళ పచ్చి తగ్గేదాకా ఏ పొడీ వద్దు, గోరువెచ్చటి గ్లాసు నీళ్ళలో అరచెంచా ఉప్పు కలిపి పుక్కిలించండి చాలు. తర్వాత కావాలంటే పొడిని వారానికి ఏ రెండుసార్లో, తోముకోవడం పూర్తయ్యాక, వేలితో చిగుళ్ళకు మాత్రమే అద్దండి. పటిక తీసేయమనండి, అది ఆమ్ల గుణం ఉన్నది, రోజూ పళ్ళకు తగలడం మంచిది కాదు. సైంధవ లవణం పలుకుల్లేకుండా చూసుకోండి. వాడుతూ ఉన్నప్పుడు మళ్ళీ రక్తం కనిపిస్తే పొడి పెంచకండి, ఆ చోట పాచి మిగిలిపోతోందని అర్థం, అక్కడ తోమడం సరిచేసుకోండి. పళ్ళ మధ్య సందులకు సన్నటి బ్రష్షులు దొరుకుతాయి, పెద్ద బ్రష్ అందని చోటు అదే. శుభ్రంగా తోముకుంటున్నా రక్తం ఆగకపోతే, ఒంటి మీద ఊరికే కమిలిన మచ్చలు కూడా ఉంటే, రక్త పరీక్ష చేయించాలి. కొన్ని రక్త జబ్బులు ముందు చిగుళ్ళలోనే బయటపడతాయి.

లవంగం గురించి అడగలేదు గానీ చెప్పేస్తాను, ఎవరో ఒకరు చదువుతారు. పొడిలో కలిసిన నాలుగు లవంగాలతో ఏమీ కాదు. లవంగ నూనె వేరు. అందులోని యూజినాల్ నరాన్ని మొద్దుబారుస్తుంది, మా మందుల్లోనూ వాడతాం. పంటి పోటుకు దూదికి కొంచెం అంటించి ఒక పూట గడుపుకోవచ్చు, అంతకుమించి పోస్తే చిగురు తోలు ఊడుతుంది. పిల్లలకు అసలు వద్దు, మింగితే కాలేయం దెబ్బతింటుంది. వేప నూనె కూడా చిన్నపిల్లల నోట్లో వేయకండి. దవడ వాచి, జ్వరం వచ్చి, మింగడం కష్టమైతే లవంగం, ఉప్పు, పసుపు అన్నీ పక్కన పెట్టి ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక అత్తయ్యగారి నల్ల పొడి. పళ్ళపొడి మానితే తలనొప్పి, చిరాకు అంటే నాకు మొదట వచ్చే అనుమానం పొగాకు. మన దేశంలో పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు వాడకాన్ని 1992లోనే నిషేధించారు, అయినా అలాంటివి వాడే అలవాటు పూర్తిగా పోలేదు. పొగాకు చిగుళ్ళలో రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, రక్తం రాదు, చిగుళ్ళు గట్టిగా ఉన్నాయనిపిస్తుంది, లోపల ఎముక కరుగుతూనే ఉంటుంది. పైగా నోటి క్యాన్సర్ ప్రమాదం. డబ్బా మీద ఏం రాసుందో చదవండి, ఏమీ రాసి లేకపోతే ఆ డబ్బానే మీతో పాటు క్లినిక్‌కి పట్టుకెళ్ళండి. ఆవిడను కూడా తీసుకెళ్ళండి, బుగ్గల లోపల తెల్లటి మచ్చలు గానీ మానని పుండు గానీ ఉన్నాయేమో అదే చూపులో చూసేస్తారు. ఉన్నపళంగా మాన్పించబోతే ఆ తలనొప్పికి తట్టుకోలేక మళ్ళీ మొదలుపెడతారు, నికోటిన్ బిళ్ళల గురించి అడగండి.

నిద్రమొహం:

డబ్బా చూశాను. పేరు తప్ప దాని మీద ఏమీ లేదు. ఇద్దరికీ కలిపే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఆవిడకు షుగర్ చెకప్ అని చెప్పాను, దయచేసి ఎవరూ ఇక్కడ ఆవిడకి కనపడేలా ట్యాగ్ చేయకండి.